నూట రెండు డిగ్రీల సెలవు

మన దేశం మెట్రిక్ కొలతల్లోకి మారాలని 1956లో చట్టం చేసుకుంది. వీశెలు, మణుగులు, సోలలు, తవ్వలు ఒక్కొక్కటే అటకెక్కాయి. ఎండలు కూడా సెల్సియస్‌లోకి వచ్చేశాయి. జ్వరం ఒక్కటే ఇప్పటికీ ఫారన్‌హీట్‌లో కాస్తోంది. కారణం కోసం వైద్య గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. "ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది ఉందండీ" అని ఫోన్ చేస్తే ఏ ఆఫీసరైనా "అయితే ఏవిటి?" అంటాడు. అదే జ్వరాన్ని "నూట రెండు" అన్నామంటే అవతల కాసేపు మాట పెగలదు. పరీక్షల్లో వంద దాటడం ఎవరి వల్లా కాలేదు గనక జ్వరంలోనైనా దాటామన్న తృప్తి మనవాళ్లకి ఎక్కడో ఉంది.

ఎక్కడ దాటితే జ్వరమో ఆ గీత గీసిన పెద్దమనిషి కార్ల్ వుండర్‌లిష్ అనే జర్మన్ డాక్టరు. లైప్‌జిగ్‌లో పాతికవేల మందికి చంకలో థర్మామీటర్లు పెట్టి, 1868లో ఒక పుస్తకం రాసి, మనిషి ఒంటి వేడి 37 అని తేల్చాడు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మార్చేసరికి 98.6 అయింది. ఆ పాయింటు ఆరు పాపం ఆయనది కాదు. అప్పటి థర్మామీటరు మూరెడుకు కాస్త తక్కువ పొడుగు, జ్వరం చెప్పడానికి పావుగంట పైనే పట్టేది. ఇప్పటిది చంకలో పెట్టిన నిమిషానికే కీచుమంటుంది. ఆ కీచు వినగానే ఇంట్లో వాళ్లంతా వచ్చి మంచం చుట్టూ నిలబడతారు. రోగికి మాత్రం అంకె ఆఖర్న చెప్తారు.

ఇక్కడ రోగి అంటే అనకాపల్లిలో కాపురం, విశాఖపట్నంలో ఉద్యోగం ఉన్న ఒక గుమాస్తా. పేరుతో పని లేదు. పొద్దున్న అనకాపల్లి స్టేషన్లో సీజన్ టికెట్టు జేబులో వేసుకుని, క్యారేజీ సంచీ చేత్తో పట్టుకుని, రైలు వచ్చే దిక్కుకు మెడ చాపి నిలబడే జనంలో ఏ మూడోవాడైనా ఆయనే. ఆయన పరిస్థితీ ఊరి పరిస్థితీ ఒకలాంటివే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది, కలెక్టరుగారు వచ్చారు. కానీ పట్టణం మాత్రం 2013లో కలిసిపోయిన విశాఖ నగరపాలక సంస్థలోనే ఉండిపోయింది. జిల్లా ఇక్కడ, కార్పొరేషన్ అక్కడ. మనిషి ఇక్కడ, జీతం అక్కడ.

శ్రావణం వెళ్లి భాద్రపదం వచ్చే రోజుల్లో, వానకు తడిసి రైలు దిగిన మర్నాడు, ఆయనకి నిజంగానే జ్వరం వచ్చింది. 'నిజంగానే' అని ఒత్తి చెప్పడానికి కారణం ఉంది. సెలవు కోసం ఫోన్ చేసేటప్పుడు నిజమైన జ్వరగాడికి ఉన్నంత కష్టం దొంగజ్వరగాడికి ఉండదు. వాడు రెండు రోజుల ముందే గొంతు సాధన చేసి ఉంటాడు. నిజం రోగి గొంతు ఆ సమయానికి శుభ్రంగా ఉంటుంది, జ్వరమంతా కాళ్లలో ఉంటుంది. అంచేత ఆయన మంచం మీంచి లేచి కూర్చుని, రెండుసార్లు దగ్గి చూసుకుని, రెండో దగ్గు బాగుందనిపించాక నంబరు నొక్కాడు. "సార్... ఒంట్లో... బాగోలేదు సార్" అన్నాడు, మాట మాటకీ మధ్య రైలు ఆగేంత ఖాళీ ఇచ్చి. పక్కన మజ్జిగ చిలుకుతున్న భార్య చేతిలో కవ్వం ఆగిపోయింది. "ఇందాకా కాఫీలో పంచదార చాల్లేదని అరిచినప్పుడు లేదే ఈ నీరసం" అంది. ఆఫీసరుగారికి వినపడలేదని ఆయన ఇప్పటికీ నమ్ముతున్నాడు.

ఫోన్ తరవాత వాట్సాప్‌లో దరఖాస్తు. తెలుగు మీడియమైనా ఇంగ్లీషు మీడియమైనా మన బడుల్లో చదివిన ప్రతివాడికీ కంఠతా వచ్చిన ఏకైక ఇంగ్లీషు రచన సెలవు చీటీ. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అనే మొదటి వాక్యం లెక్కల మాస్టారు కొట్టిన దెబ్బల్లాగే జీవితాంతం గుర్తుంటుంది. పదో ఎక్కం మర్చిపోయినవాడు కూడా ఆ చీటీ తప్పుల్లేకుండా రాస్తాడు. తలనొప్పి, కడుపునొప్పి, కీళ్లనొప్పి ఏదొచ్చినా అందులో 'ఫీవర్' అనే రాస్తారు, వేరే జబ్బుకి వాక్యం నేర్పలేదు గనక.

అసలు చిక్కు ఖాతాలో ఉంది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు. వాటిని జబ్బుకని దాచుకున్నవాణ్ణి ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మేనకోడలి పుష్పవతి వేడుక, తోడల్లుడి గృహప్రవేశం, కొత్త అమావాస్యకి నూకాలమ్మ దర్శనం, గ్యాసు కనెక్షన్‌కి వేలిముద్ర వెయ్యడం, ఇలా వానాకాలం రాకముందే అవి సగానికి పైగా కరిగిపోతాయి. మిగిలింది సగం జీతం సెలవు, ఏడాదికి 20 రోజుల చొప్పున జమవుతుంది. పూర్తి జీతం కావాలంటే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి దాన్ని కమ్యూటెడ్ లీవుగా మార్చుకోవాలి. అప్పుడు ఒక రోజు జబ్బుకి ఖాతాలోంచి రెండు రోజులు కొట్టేస్తారు. వడ్డీ వ్యాపారి కూడా ఇంత నిక్కచ్చిగా ఉండడు.

పక్కింటి అమ్మాయి అచ్యుతాపురం సెజ్‌లో కుట్టుపని చేస్తుంది. ఆమెది ఇ.ఎస్.ఐ. లెక్క. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో నూటికి 70 చొప్పున వస్తుంది గానీ, మొదటి రెండు రోజులకి మామూలుగా ఏమీ రాదు. "చట్టం రాసినోళ్లు తెలివైనోళ్లే అన్నయ్యగారూ" అంది గోడవతల నుంచి. "నిజం జొరమో ఉత్తుత్తి జొరమో మూడో రోజుకి గానీ తెల్దు కదా."

ఇంటి లోపల వైద్యానికి మాత్రం ఏ నిరీక్షణ కాలమూ లేదు. ఆ ఇంట్లో మూడు వైద్య విధానాలు ఒకేసారి అమల్లో ఉన్నాయి. తల్లిది శొంఠి. భార్యది డోలో. ఇంటర్ చదివే కొడుకుది సెల్‌ఫోన్. శొంఠి, మిరియాలు, తులసి వేసి మరిగించిన కషాయంలో తల్లి బెల్లంముక్క వేసింది. అది కూడా నల్లది. అనకాపల్లివాళ్లకి బెల్లం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్టు ఊళ్లో పెట్టుకుని, 1913 నుంచీ చెరకు పరిశోధన కేంద్రాన్ని పక్కన పెట్టుకుని బతుకుతున్నవాళ్లు. మార్కెట్లో పసుపుపచ్చగా మెరిసే దిమ్మకి ధర ఎక్కువ. ఆ మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లుంటారని తెలిసిన ముసలమ్మలు నల్లదిమ్మ కోసం నాలుగు కొట్లు తిరుగుతారు. "తెల్లోడిలా ఉన్న బెల్లం మందుకి పనికిరాదురా నాన్నా. నల్లదే తాగు" అని గ్లాసు నోటికి పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి, వేడికి నాలిక కాలి, ఇంతలో భార్య ఇచ్చిన మాత్ర దానితోనే మింగేశాడు. గంటకి చెమట పట్టి జ్వరం దిగింది. దిగింది మా కషాయానికేనని ఒకరు, మా మాత్రకేనని ఇంకొకరు. సాయంత్రం మళ్లీ ఎక్కినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే మాట అన్నారు: మధ్యాహ్నం ఆయన ఫ్యాను కింద పడుకోబట్టే.

కొడుకు ఫోన్లో లక్షణాలన్నీ కొట్టి చూసి, తండ్రికి రాగల జబ్బులు పదిహేడున్నాయని తేల్చాడు. వాటిలో ఒకటి దక్షిణ అమెరికాలో మాత్రమే వస్తుంది. "నిన్న రైల్లో ఎవరైనా బ్రెజిలోళ్లు కూర్చున్నారా నాన్నా?" అని అడిగాడు. ఎలమంచిలి ఆయన ఒకాయన కూర్చున్నాడని జవాబు.

తలనొప్పికి మాత్రం ఆ ఇంట్లో పక్షాల్లేవు. పసుపుపచ్చ బాము. దీని గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదట్లో సంగీత కచేరీల్లో ఉచితంగా పంచేవారట, కచేరీకీ తలనొప్పికీ ఉన్న చుట్టరికం ఆయనకి తెలిసే ఉండాలి. ఆ డబ్బాల మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టారు. 1914లో అది మద్రాసులో దినపత్రికైంది, 1924లో 'భారతి' మాసపత్రిక వచ్చింది. అంటే తెలుగు పాత్రికేయానికి, కొంతమేర తెలుగు సాహిత్యానికి కూడా, మూలధనం సమకూర్చింది జనం కణతలే. ఇప్పుడు పత్రికలు ఆ బాకీ తీరుస్తున్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఊళ్లో టోకెన్ తీసుకోవడం. పొద్దున్న ఏడింటికి కొడుకు వెళ్లి పేరు రాయించొస్తే పదకొండింటికి పిలుపొస్తుంది. ఆ నాలుగు గంటల్లో సగం జ్వరాలు వాటంతటవే తగ్గిపోతాయని డాక్టరుకి తెలుసు, పేషెంటుకి తెలీదు. పరీక్షించి, వైరల్‌లా ఉంది, రెండ్రోజులు చూద్దాం అన్నాడు డాక్టరు. ఇలాంటి డాక్టరుని మనవాళ్లు మెచ్చరు. "సూదెయ్యలేదా? రక్తం తీయించలేదా? మరెందుకు ఇచ్చినట్టు అన్ని డబ్బులు?" అని తల్లి గుమ్మంలోనే నిలదీసింది. దాంతో మర్నాడు ఇంటివాళ్లే రక్తపరీక్ష చేయించారు. కాగితం మీద 'వైడాల్' అని ఒక పరీక్ష. 1896లో ఫెర్నాండ్ వీడాల్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టిందది. పశ్చిమ దేశాల్లో దాన్ని చాలావరకు ఎప్పుడో పక్కన పెట్టేశారు. టైఫాయిడ్ తిరిగే మనలాంటి దేశాల్లో పాత జ్వరం తాలూకు గుర్తులు రక్తంలో ఉండిపోతాయి గనక, టైఫాయిడ్ లేకపోయినా అది ఉన్నట్టు చూపించగలదు. ఉందో లేదో ఖాయంగా తెలియాలంటే రక్తాన్ని కల్చర్‌కి పంపాలి. అయితేనేం, దానివల్ల మనకో కొత్త జబ్బు దక్కింది: 'కొంచెం టైఫాయిడ్'. ఛాయలున్నాయన్నారు, లైట్‌గా ఉందన్నారు, అని చెప్పుకునే ఈ జబ్బు వైద్యపుస్తకాల్లో ఎక్కడా లేదు గానీ, మన వీధుల్లో దీని బారిన పడనివాళ్లు లేరు. డాక్టరు ఆ కాగితం చూసి మడిచి పక్కన పెట్టాడు. తల్లి దాన్ని విప్పి, వచ్చినవాళ్లందరికీ చూపించడానికి టీవీ పక్కన పెట్టింది.

జ్వరం సంగతి ఇంతే. దానికంటే వింత విషయం ఇంకొకటుంది. ఆయనకి పెళ్లయిన నాటి నుంచి ఆ ఇల్లు తెలుసు గానీ, గురువారం పదకొండు గంటలప్పుడు ఆ ఇల్లు ఎలా ఉంటుందో తెలీదు. ఆదివారం ఇల్లు వేరు. అది ఆయన కోసం సర్దుకుని కూర్చున్న ఇల్లు. వారం మధ్యలో ఇల్లు ఇంకొకటి. దానికి వేరే వేళలు, వేరే మనుషులు, వేరే రహదారులు. అందులో ఆయనకి పోస్టు లేదు.

ఎనిమిదీ ఇరవైకి పాలవాడు. తొమ్మిదింటికి వీధి చివరి అత్తగారు వచ్చి ఒక్క మాటా మాట్లాడకుండా ఫ్రిజ్ తెరిచి, తన దోసెల పిండి గిన్నె తీసుకుని, మంచం మీదున్న మనిషిని చూసి ఉలిక్కిపడి, "ఓలమ్మో, అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడేటి!" అని వెళ్లిపోయింది. సొంత ఫ్రిజ్‌లో పరాయి పిండి ఉంటోందని ఆయనకి ఆ రోజే తెలిసింది. పదిన్నరకి పూడిమడక నుంచి చేపలామె. గంప దింపి, తడిగుడ్డ తీసి, కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. "అయ్యగారికి జొరమేటమ్మా? ఇయాళ కానాగంతలు తాజావి. నెత్తళ్లు కూడా ఉన్నాయి. మిరియాలేసి పులుసెట్టండి, రేపటికి లేచి పరిగెడతాడు." ధర దగ్గర తల్లికీ ఆమెకీ జరిగిన బేరం విని ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. ఆఫీసులో టెండర్లు ఆయన చూస్తాడు. ఇరవై రూపాయలు తగ్గించుకోవడానికి అవతలి మనిషి కూతురి కాన్పు, అల్లుడి తాగుడు, పడవ మరమ్మతు అన్నీ విచారించి, ఆఖరికి ఆమె చేతే "సరేలే అమ్మా, నీకు కాబట్టి" అనిపించడం ఏ టెండరు కమిటీలోనూ ఆయన చూడలేదు. అయితే చేపలు ఆయనకి కాదు. ఆయనకి పథ్యం. బీరకాయ కూర, చారు. పులుసు వాసన మాత్రం మంచం దాకా వచ్చింది.

మంచానికి ఎదురుగా గోడమీద తెలుగు కేలండరు వేలాడుతోంది. ఆయన దాన్ని ఇన్నాళ్లూ ఎర్ర అంకెల కోసం మాత్రమే చూశాడు. తిరగడానికి ఓపిక లేక, చదవడానికి వేరే ఏమీ లేక, ఈసారి నల్ల అంకెలు చదివాడు. ప్రతి గడిలోనూ తిథి కింద, వర్జ్యం పక్కన, బాల్‌పెన్నుతో సన్నగా ఏదో ఒకటి రాసి ఉంది. 'లే' అంటే పాలు లేవు. సున్నా చుట్టి 'గ్యా' అంటే సిలిండరు మార్చిన రోజు. 'అ.మా.' అంటే అత్తగారి బీపీ మాత్రలు అయిపోయే తేదీ. 'పి 500' అంటే ఎవరో పిన్నిగారికి ఇచ్చిన బదులు, దాని మీద అడ్డగీత పడితే తిరిగొచ్చినట్టు. కొన్నిటికి అడ్డగీతలు మూడు నెలలైనా పడలేదు. నెలాఖరున అడుగున ఒక కూడిక, దాని కింద ఇంకో రంగు పెన్నుతో 'తేడా 40' అని, మర్నాడు గడిలో 'దొరికింది' అని. ఆయన పనిచేసే చోట నలభై రూపాయల తేడా వస్తే మెమోలు మూడు నడుస్తాయి, తేడా మాత్రం దొరకదు. ఆ వారం గడుల్లో తన గురించి ఏముందా అని వెతికాడు. ఆయన మంచమెక్కిన తేదీ కింద రాసి ఉంది: 'ఈయన ఇంట్లో. పాలు అర లీటరు ఎక్కువ.'

మధ్యాహ్నం భోజనాలయ్యాక అసలు గొడవ వచ్చింది. ఆ రోజు డ్వాక్రా మీటింగు వాళ్లింట్లో. 1982–83లో పల్లెటూళ్ల ఆడవాళ్ల కోసం మొదలైన ఆ పథకం పేరు మారి చాలాకాలమైంది. పట్టణాల్లో సంఘాల్ని 2007లో పెట్టిన మెప్మా చూస్తోంది. జనం మాత్రం ఇంకా డ్వాక్రా అనే అంటారు. పదిమంది సభ్యులు, ఇద్దరు లీడర్లు, ఒక తీర్మానాల పుస్తకం. ఒక్కో నెల ఒక్కో ఇంట్లో కూర్చుంటారు. ఈ ఇంట్లో కూర్చునే చోటు ముందుగది. ముందుగదిలో ఇప్పుడు మంచం, మంచం మీద మొగుడు.

"ఏవండీ, కాసేపు వెనకగదిలో పడుకోకూడదూ?" అంది భార్య. వెనకగదిలో ఫ్యాను లేదు, పైగా జ్వరమొచ్చినవాణ్ణి లేపకూడదని తల్లి పట్టు. చివరికి దుప్పటి నిండా కప్పి, ఆయన్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టి, మీటింగు మొదలెట్టారు. మొదట అందరూ గుసగుసలుగా పరామర్శించారు, రోగిని కాదు, ఆయన భార్యని. "పాపం, నీకెంత ఇబ్బందో" అన్నారు. తరవాత పొదుపు డబ్బు లెక్క, కిందటి నెల అప్పుల వాయిదాలు, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత. ఒకావిడ వాయిదా రెండోసారి తప్పింది. ఆవిణ్ణి ఎవరూ తిట్టలేదు. "మీ ఇంటి మీదికి రేపు అందరం కలిసి కాఫీకి వస్తాం" అన్నారంతే. ఆవిడ అప్పటికప్పుడు కొంగుముడి విప్పింది. దుప్పటి కింద ఉన్న మనిషికి చెమట పోసింది. ఆయన స్నేహితుడికి ఇచ్చిన చేబదులు ఏళ్ల తరబడి రావడం లేదు. కాఫీకి వెళ్లాలన్న ఆలోచన ఆయనకి తట్టలేదు. ఇంకో సంగతి, మొదటి లీడరు తన భార్యేనని ఆయనకి తెలుసు గానీ ఆవిడ మాటకి తొమ్మిదిమంది అలా నోరు మూసుకుంటారని తెలీదు. ఇంట్లో ఆవిడ గొంతు అలా ఉండదు. ఉండక్కర్లేదు కాబోలు.

మర్నాడు వచ్చింది ఆశా కార్యకర్త. శుక్రవారం డ్రై డే, ఇంటింటి జ్వరాల సర్వే కూడా. గేటు దగ్గరే "ఎవరికైనా జొరమా?" అని అడిగితే అందరూ ఒక్కసారి ఆయన వైపు వేలు చూపించారు. అంత గుర్తింపు ఆయనకి ఆఫీసులో రిపబ్లిక్ డే నాడు కూడా దొరకలేదు. ఆవిడ రిజిస్టర్లో రాసుకుని, పెరట్లోకి వెళ్లి, తొట్టె అడుగున నీళ్లు పారబోయించి, కొబ్బరిచిప్ప తిరగేసి, క్రోటన్ మొక్క కింద పళ్లెం చూపించి, "ఇదిగో, ఇక్కడున్నాయి" అంది. సన్నటి పురుగులు నీళ్లలో తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆ మొక్క ఆయన సరదా పడి తెచ్చినదే. మలేరియా దోమ గుట్టు 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి పట్టుకున్నాడు. ఆ దోమది రాత్రి డ్యూటీ. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ మంచినీళ్లలో పుట్టి, పగలు కుడుతుంది. ఆఫీసు వేళలన్నీ ఇంట్లో ఉండేవాళ్లే దానికి దొరుకుతారు. ఈ మాట ఆశా కార్యకర్త చెప్పగానే భార్య మొక్క వైపు, తరవాత మనిషి వైపు చూసింది. సాయంత్రానికి పళ్లెం కనబడలేదు.

ఊరికే పడుకున్నవాడు పేపరు అచ్చుతప్పులతో సహా చదువుతాడు. సర్వేల సంగతులు అలాగే కంటబడతాయి. కేంద్ర గణాంక శాఖ జనం రోజును దేనికెంత వాడుతున్నారో లెక్క తీసింది. 2024 లెక్క ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో అవి 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గిన మాట నిజమే. మగవాళ్లు కూడా వెనకబడకుండా తొమ్మిది తగ్గించుకున్నారు. ఆయన ఈ వార్త భార్యకి చదివి వినిపించాడు, మెచ్చుకుంటుందేమోనని. ఆవిడ కూరగాయలు తరుగుతూనే అడిగింది: "ఆ ఎనభై ఎనిమిదిలో నీళ్ల మోటారు స్విచ్చి వెయ్యడం కూడా కలిపారా?" కాసేపాగి మళ్లీ అడిగింది: "స్విచ్చి కట్టమని నేను అరిచే టైము ఎవరి ఖాతాలో రాశారు?"

పరామర్శకి వచ్చేవాళ్లు సాయంత్రాలు వస్తారు. చేతిలో బత్తాయిలు, నోట్లో చావు కబుర్లు. "ఏటయ్యింది? జొరమేనా? మా బావమరిది వేలు విడిచిన మావయ్యకీ ఇలాగే మామూలు జొరమే అన్నారు..." అని మొదలుపెట్టినవాడు ఎక్కడ తేలతాడో అందరికీ తెలుసు. ఎవరూ ఆపరు. రోగి కూడా ఆసక్తిగా వింటాడు, మధ్యలో "మరి ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి?" అని అడుగుతాడు. అది ఈమధ్య మన పరామర్శల్లోకి వచ్చిన కొత్త అంకె. బొప్పాయి ఆకు రసం తాగించమని ఒకరు, మేకపాలని ఒకరు. తల్లి ఇవన్నీ కాదని నూకాలమ్మకి మొక్కుకుంది. మొక్కు ఆవిడది, కోడి ఖర్చు కొడుకుది. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. "చూశావా, ఎంత దిష్టో!" అంది. కొత్త అద్దాలు, కొత్త చొక్కా, జుట్టుకి రంగు కూడా లేని మనిషికి ఎవరి దిష్టి తగిలిందో ఎవరూ అడగలేదు. ఆ మాటకి ఆయన ముఖం మాత్రం కాస్త వెలిగింది.

ఆఫీసు నుంచీ ఫోన్లు వచ్చాయి. అన్నీ ఒకే వరసలో ఉంటాయి. "ఎలా ఉంది గురూగారూ?" అన్నది అర నిమిషం. "జాగర్త, రెస్ట్ తీసుకోండి, మళ్లీ మాట్లాడతా" అన్నది ఇంకో పావు నిమిషం. ఈ రెండిటి మధ్య పదకొండు నిమిషాల పాటు ఒక ఫైలు ఎక్కడుందో వెతుకుతారు. బీరువాలో రెండో అరలో, కుడిచేతివైపు, పచ్చతాడు కట్టినదాని కింద. అది కాదు, దాని కిందది. ఫైలు దొరికాక అవతలివాడు సంతోషం పట్టలేక, సెలవు ఇంకా ఎన్నాళ్లున్నా ఫర్వాలేదన్నట్టు మాట్లాడాడు. ఇది ఆయనకి జ్వరం కంటే ఎక్కువ నీరసం తెచ్చింది.

జ్వరం దిగిన మొదటి మధ్యాహ్నం ఆయనకో కోరిక పుట్టింది. ఊరికి కూతవేటు దూరంలో, శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. కొండ రాతిని తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహాలు, పక్కనే లింగాలకొండ మీద వరసలు వరసలుగా రాతిస్తూపాలు. నూరేళ్లకి ముందే అలెగ్జాండర్ రీ అనే తెల్లదొర వచ్చి తవ్వించాడు. జపాను నుంచి, శ్రీలంక నుంచి బౌద్ధులు వచ్చి చూసి వెళ్తుంటారు. అనకాపల్లి గుమాస్తా తిరుపతి వెళ్లాడు, ఊటీ వెళ్లాడు, బొజ్జన్నకొండ మాత్రం పదో తరగతి ఎక్స్‌కర్షన్ తరవాత ఎక్కలేదు. ఇప్పుడు సెలవుంది, ఎండ లేదు. "వెళ్లొస్తా" అన్నాడు. సెలవు పెట్టింది జబ్బుకి, కొండ మీద కనబడితే ఎవరైనా ఫొటో తీసి గ్రూపులో పెడతారని కొడుకు హెచ్చరించాడు. నిజమే, సిక్ లీవులో ఉన్నవాడు చెయ్యకూడని పని ఒక్కటే, బాగున్నట్టు కనబడడం. ఆయన వీధిలోకి కూడా శాలువా కప్పుకునే వెళ్లాడు.

ఇక మిగిలింది ఆరోగ్యం. డాక్టరు సర్టిఫికెట్ మీద సెలవు పెట్టిన ఉద్యోగి తిరిగి డ్యూటీలో చేరాలంటే తనకి బాగుందని ఇంకో సర్టిఫికెట్ తేవాలి. ఆఫీసులో ఎదురుగా నిలబడి, ఫైళ్లు మోసి, మెట్లెక్కి చూపించినా చాలదు. బాగున్నట్టు కాగితం చెప్పాలి. అంచేత ఒంట్లో సుస్తీ పూర్తిగా తగ్గాక ఆయన మళ్లీ టోకెన్ తీసుకుని, దగ్గేవాళ్లకీ తుమ్మేవాళ్లకీ మధ్య బల్ల మీద, ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. ఈసారి భార్య కూడా వెంట వచ్చింది. బజారులో పని ఉందంది.

పిలుపొచ్చింది. కంపౌండరు ఫారం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాడు. "ఫిట్‌నెస్సేనా సార్? ఎప్పట్నుంచని రాయమంటారు?"

సోమవారం నుంచి బాగుంటుందని ఆయన ఉద్దేశం. మధ్యలో శనివారం ఉంది, ఆదివారం ఉంది, కానాగంతల పులుసు కూడా ఒకసారి తినాల్సి ఉంది. ఆయన గొంతు సవరించుకునేలోపు భార్య ముందుకొచ్చింది.

"రేపట్నుంచే రాయండి బాబూ. రేపు లోను కోసం బ్యాంకువాళ్లు వస్తున్నారు, మాకు ముందుగది కావాలి."